నొప్పి తగ్గితే సరిపోదు

గాయపడ్డ ఆటగాడు మళ్లీ మైదానంలోకి ఎప్పుడు దిగాలి? తేదీ చూసి కాదు, పరీక్షించి తేల్చాలంటోంది క్రీడా వైద్యం

టాటానగర్ రైల్వే స్టేషన్‌కు చేరువలోని బాగ్‌బేరాలో ఆట కాలక్షేపం మాత్రమే కాదు. రైల్వే కాలనీల మధ్య ఫుట్‌బాల్, క్రికెట్ ఆడుతూ పెరిగే కుర్రాడి ముందు రెండు ఆశలుంటాయి. ఒకటి రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. రెండోది జంషెడ్‌పూర్‌లో 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో చోటు. ఉక్కు కర్మాగారంలోనో రైల్వేలోనో కొలువు కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ లెక్క తెలియంది కాదు.

చిక్కు అక్కడే ఉంది. సెలక్షన్ ట్రయల్స్ తేదీ ఎవరి మోకాలి కోసమూ ఆగదు. దాంతో వాపు తీయగానే క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, నొప్పి మాత్ర మింగి బరిలోకి దిగడం ఊరూరా మామూలైపోయింది. నొప్పి పోవడం, గాయం మానడం, శరీరం ఆటకు సిద్ధం కావడం మూడు వేర్వేరు దశలు. మొదటిది రోజుల్లో రావచ్చు. మూడోదానికి నెలలు పట్టవచ్చు. ఆ తేడాను పట్టించుకోకపోతే పోయేది ఒక మ్యాచ్ కాదు, ఏకంగా భవిష్యత్తే.

ఒకే నెల, ఇద్దరు బౌలర్లు

ఈ నగరంలోనే అందుకు తెలిసిన ఉదాహరణ ఉంది. జంషెడ్‌పూర్‌లో పెరిగిన ఫాస్ట్ బౌలర్ వరుణ్ ఆరన్ 2011 విజయ్ హజారే ట్రోఫీ ఫైనల్లో గంటకు 153 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరి అందరి దృష్టినీ ఆకర్షించాడు. ఆ ఏడాది నవంబర్లో ముంబైలో వెస్టిండీస్‌పై టెస్టు క్రికెట్లో అడుగుపెట్టాడు. ఆ తర్వాత వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు పదే పదే వెంటాడాయి. 2014లో జట్టులోకి తిరిగొచ్చినా, మొత్తంమీద 9 టెస్టులు, 9 వన్డేలతోనే అంతర్జాతీయ ప్రస్థానం ముగిసింది. 2024 ఫిబ్రవరిలో సొంతగడ్డపై రంజీ మ్యాచ్‌తో ఎర్ర బంతి క్రికెట్‌కు, 2025 జనవరిలో ఆటకే వీడ్కోలు పలికాడు.

వరుణ్ టెస్టుల్లోకి వచ్చిన ఆ నవంబర్లోనే జోహన్నెస్‌బర్గ్‌లో 18 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు పాట్ కమిన్స్ కూడా తొలి టెస్టు ఆడాడు. అతనికీ వెన్ను గాయాలే. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో. అదీ జంషెడ్‌పూర్‌కు పొరుగునే ఉన్న రాంచీలో. ఆ ఐదేళ్లకు పైగా కాలంలో పొట్టి ఫార్మాట్లలో అప్పుడప్పుడు కనిపించినా, నాలుగైదు రోజుల మ్యాచ్‌ల భారం మాత్రం అతనిపై దాదాపు పడలేదు. ఆ కమిన్సే తర్వాత ఆస్ట్రేలియా కెప్టెనై, 2023 ప్రపంచకప్ గెలిపించాడు. ఒకరికి కుదిరింది మరొకరికి కుదరకపోవడాన్ని తప్పొప్పుల లెక్కగా చూడనక్కర్లేదు. ఒకే పేరున్న గాయం రెండు శరీరాల్లో ఒకేలా ప్రవర్తించదు. అయితే ఎముక తొందరను సహించదన్నది మాత్రం ఇద్దరి కథల్లోనూ కనిపిస్తుంది.

కారణం సులువే. ఫాస్ట్ బౌలర్ బంతి విసిరేటప్పుడు ముందు కాలు నేలను తాకగానే శరీర బరువుకు ఎన్నో రెట్ల బలం పైకి తన్నుతుంది. అదే క్షణంలో నడుము పక్కకు వంగి మెలితిరుగుతుంది. ఆ దెబ్బను రోజూ భరించే ఎముకకు మరమ్మతు చేసుకునే వ్యవధి లేకపోతే సన్నటి చీలిక పుడుతుంది. ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడని ఇరవై ఏళ్లలోపు వారికి ఈ ముప్పు ఎక్కువ. విశ్రాంతితో కొన్ని వారాల్లో నొప్పి తగ్గినా చీలిక పూడటానికి నెలలు పడుతుంది. ఆ తర్వాతా వారానికి వేసే బంతుల సంఖ్యను మెల్లగా పెంచాలి తప్ప ఒక్కసారిగా కాదు.

తొమ్మిది నెలల లెక్క

మోకాలి విషయంలో అంకెలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఫుట్‌బాల్, కబడ్డీ, బ్యాడ్మింటన్ ఆటగాళ్లు ఎక్కువగా భయపడేది ఏసీఎల్ అనే లిగమెంటు తెగడానికే. శస్త్రచికిత్స జరిగిన 106 మందిని రెండేళ్లపాటు గమనించిన డెలావేర్-ఓస్లో అధ్యయనం 2016లో వెలువడింది. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆటను ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని అది తేల్చింది. తిరిగి ఆడేముందు తొడ కండరాల బలం, ఒంటికాలి గెంతు వంటి పరీక్షల్లో నెగ్గినవారిలో 5.6 శాతం మంది మళ్లీ గాయపడితే, నెగ్గకుండానే ఆడినవారిలో 38.2 శాతం మంది గాయపడ్డారు. గాయమైన కాలు రెండోదాని బలంలో కనీసం 90 శాతం అందుకోవాలన్నది ఆ పరీక్షల్లోని కొలమానం.

అన్నీ సక్రమంగా చేసినా పాత స్థాయి దక్కుతుందన్న హామీ లేదు. ఏసీఎల్ శస్త్రచికిత్సలపై 2014లో వచ్చిన సమీక్ష ప్రకారం 81 శాతం మంది ఏదో ఒక ఆటకు తిరిగొచ్చారు. గాయానికి ముందున్న స్థాయికి చేరినవారు 65 శాతమే. మళ్లీ తెగుతుందేమోనన్న భయమూ ఇందులో ఒక కారణం. అందుకే మనసు సిద్ధంగా ఉందా అన్నదీ ఇప్పుడు ఫిజియోలు అడిగే ప్రశ్నల్లో ఒకటి.

హైదరాబాద్ చెప్పే పాఠం

తెలుగువారికి బాగా తెలిసిన పునరాగమనం పుల్లెల గోపీచంద్‌ది. 1994లో పుణెలో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగాయి. 1996లో జాతీయ చాంపియనై వరుసగా ఐదేళ్లు ఆ టైటిల్ నిలబెట్టుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అంటే గాయానికీ శిఖరానికీ మధ్య ఏడేళ్ల దూరం.

పి.వి. సింధు అనుభవం ఇంకో కోణం చూపుతుంది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలి నొప్పితోనే స్వర్ణం గెలిచారు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలడంతో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. ఐదు నెలల తర్వాత 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌లో ఆడి తొలి రౌండ్‌లోనే ఓడారు. ఆ మార్చిలో ర్యాంకింగ్స్‌లో తొలి పది నుంచి జారారు. ఎముక అతికినా లయ దొరకడానికి వేరే గడువు కావాలి. 2016లో నిపుణులు ప్రచురించిన బెర్న్ ఏకాభిప్రాయ పత్రం సాధనలో పాల్గొనడం, పోటీకి తిరిగి రావడం, పాత స్థాయిలో రాణించడం అని మూడు మెట్లు విడదీసింది ఇందుకే.

ఖరీదైన యంత్రాలు లేకున్నా

సింధుకు ఫిజియో, శిక్షకుల బృందం ఉంటుంది. బాగ్‌బేరా మైదానంలో కుర్రాడికి ఉండేది కోచ్, కుటుంబం. అయినా చేయదగ్గది చాలానే ఉంది. ఒక్కో కాలితో ఎంత దూరం గెంతగలడో టేపుతో కొలిచి పోల్చవచ్చు. ఒంటికాలిపై మడమ ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెట్టవచ్చు. నేరుగా పరుగు, మలుపులతో పరుగు, బంతితో సాధన, ఆ తర్వాతే ఎదుటివారితో ఢీకొట్టే ఆట అన్న వరుస పాటించవచ్చు. మర్నాడు ఉదయం వాపు గానీ నొప్పి గానీ పెరిగితే ఒక మెట్టు దిగాలి. నొప్పి మాత్ర వేసుకుని పరీక్షిస్తే ఫలితానికి విలువ ఉండదు. మోకాలు తెగినా, ఎముక చీలినా ఇవన్నీ డాక్టర్ సలహాకు తోడే తప్ప బదులు కావు. ఫిఫా రూపొందించిన 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్‌కు పెద్దగా పరికరాలు అక్కర్లేదు. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గాయి.

తల దెబ్బ విషయంలో మాత్రం బేరసారాలు ఉండకూడదు. కంకషన్ అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఆరు దశల పునరాగమనాన్ని సూచించింది. ఒక్కో దశకూ కనీసం 24 గంటలు ఇవ్వాలి. ఢీకొనే ఆటకు ముందు డాక్టర్ అనుమతి తప్పనిసరి.

ఇక మిగిలేది నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న. ఆడాలని ఆటగాడు తహతహలాడతాడు. కోచ్‌కు జట్టు కావాలి, తండ్రికి కొడుకు ఉద్యోగం కావాలి. వీరిలో ఏ ఒక్కరి మాటా చెల్లకుండా, కొలతలు చూసి డాక్టర్ సమక్షంలో అందరూ కలిసి తేల్చడమే మేలు. ట్రయల్స్ వచ్చే ఏడాదీ ఉంటాయి. రెండోసారి తెగిన మోకాలితో వాటికి వెళ్లడం మాత్రం చాలా కష్టం.