నాలుక తిరిగితేనే పాట

కొట్పాడ్: క్లారినెట్ చేతికి రాగానే అందరూ వేళ్ల మీదే పడతారు. ఏ మీట నొక్కితే ఏ స్వరమో నాలుగు రోజుల్లో పట్టేస్తారు. పాట మాత్రం పాటలా ఉండదు. స్వరాలన్నీ కలగలిసి గుయ్యిమంటాయి. లేదంటే స్వరం స్వరానికీ టప్‌మని దెబ్బ వినిపిస్తుంది. తప్పు వేళ్లది కాదు.. నాలుకది!

పెళ్లి బ్యాండులో పల్లవి ఎత్తుకోవాల్సినవాడు తడబడితే మేళమంతా తడబడుతుంది. వచ్చే ముహూర్తానికి పిలుపు రాదు. సరదాకి నేర్చుకునేవారి సంగతి సరే, పొట్టకూటికి ఊదేవారికి ఇది చిన్న విషయమేం కాదు.

మహురి నుంచి వస్తే..

జయపురం - జగదల్‌పూర్ దారిలోని కొట్పాడ్ అంటే ఆల్ వేరు రంగుల నేతే గుర్తొస్తుంది. దానికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊదే విద్య కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధెంసా ఆడాలంటే డోలు పక్కన మహురి ఉండాల్సిందే. అరకు వైపు మోరి అంటారే, దానికి తోబుట్టువే ఇది. 1936 దాకా కొరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాయే కదా!

మహురికి రెండు రెక్కల పీక. బుగ్గల నిండా గాలి నింపి, అది ఊదుతూనే ముక్కుతో ఊపిరి పీలుస్తారు. క్లారినెట్‌కు ఒకటే రీడు. బుగ్గలు ఉబ్బాయా, పెదవుల పట్టు పోతుంది, స్వరం చెదురుతుంది. చేయి తిరిగిన మహురి కళాకారుడైనా ఇక్కడ మళ్లీ ఓనమాలు దిద్దాల్సిందే.

'టూ' కాదు.. 'తూ'

నాలుక కొస రీడు అంచును తేలిగ్గా తాకి వదలాలి. కొట్టకూడదు. తాకినప్పుడు కాదు, వదిలినప్పుడే స్వరం మొదలవుతుంది. ఈ లోగా గాలి ఆగనే కూడదు. పారే కుళాయికి వేలు అడ్డుపెట్టి తీస్తే ఎలాగో అలాగన్నమాట. చాలామంది స్వరానికో ఉఫ్ చొప్పున గాలినే తెంచేస్తారు. సగం చిక్కు అక్కడే.

ఇంగ్లిషు పుస్తకాలు 'టూ' అనుకుంటూ ఊదమంటాయి. తెలుగు, ఒడియా నోళ్లు 'ట' అంటే నాలుక వెనక్కి మడుచుకుంటుంది, రీడుకు అందదు. 'తూ' అనుకుంటే కొస ముందుకే వస్తుంది. మెత్తగా కావాలంటే 'దూ'.

ముందు ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ నిలపాలి. అది నిలిచాక గాలి తెగకుండా నాలుగుసార్లు తాకాలి. గడియారం సెకను ముల్లే తాళం. ఎదురుగా అద్దం ఉంటే మంచిది. గడ్డం కదిలిందంటే నాలుక బదులు దవడ పనిచేస్తోందని అర్థం. వేగం సంగతి తర్వాత.

నాదస్వర విద్వాంసులకు ఇది పాత పాఠమే. 'తుత్తుకారం' అని దానికి ప్రత్యేక సాధన ఉంది. నాదస్వరం బాణీని క్లారినెట్ మీదికి తెచ్చిన తమిళనాడు విద్వాంసుడు ఎ.కె.సి.నటరాజన్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.

నాలుక కుదిరిందని ప్రతి స్వరాన్నీ తాకుతూ పోతే గమకం చచ్చిపోతుంది. ఎత్తుగడలో ఒక్కసారి తాకి, మిగతాది గాలికీ వేళ్లకూ వదిలేయాలి. ధెంసా వరసలు ఊదేటప్పుడైతే మరీనూ.