ఫస్టియర్ పాఠం విలువెంత? మూడు బోర్లు, ఒక పసరు మందు, తెగిపోయిన ఒత్తు

ఈరోజు మూడు కోర్సుల గురించి మాట్లాడుకుందాం. జియాలజీ, సంప్రదాయ వైద్యం, టైపోగ్రఫీ. మూడూ కాలేజీల్లో మొట్టమొదట చెప్పే ఇంట్రడక్షన్ కోర్సులే. వీటికి ఒకదానికొకటి ఏంటి సంబంధం అంటారా? సంబంధం మా ఇల్లే. ఇవి తెలియక మా ఇంట్లో డబ్బు పోయింది, ఒక ప్రాణం పోయినంత పనయింది, ఆఫీసులో నా పరువు పోయింది.

నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్. కోడింగ్ వస్తే చాలు, మిగతాదంతా గూగుల్ చేసుకోవచ్చు అనుకునే బ్యాచ్. కానీ గూగుల్‌లో సరైన జవాబు రావాలంటే ముందు ఏం అడగాలో తెలియాలి కదా. ఫస్టియర్ కోర్సు నేర్పేది ఆ అడగడమే. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క పాయింట్ మీదే.

మొదటిది: జియాలజీ

మాది నల్లగొండ జిల్లా. నాన్న రెండేళ్ళలో మూడు బోర్లు వేయించాడు. మూడూ ఫెయిల్. ప్రతిసారీ ఒకాయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాడు. కాయ లేచి నిలబడ్డ చోట పాయింట్ పెట్టేవాళ్ళు. మూడోది 400 అడుగులు దాటినా దుమ్మే వస్తోంది. "ఇంకో వంద కొట్టించు నాన్నా, పడతాయి" అని ఫోన్‌లో చెప్పింది నేనే. ఆ డబ్బులు కూడా నా జీతంలోంచే వెళ్ళాయి.

ఆ బాధలోనే జియాలజీ కోర్సు మొదలుపెట్టా. రాళ్ళు మూడు రకాలు. కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. మన గ్రానైట్ అదే. పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఇంట్లో పరుచుకునే తాండూరు బండ, కడప బండ ఇవే. వేడికీ ఒత్తిడికీ మారిపోతే రూపాంతర శిల. విశాఖ కొండల్లోని ఖోండలైట్ ఇలాంటిది. ఇదంతా స్కూల్లో బట్టీ పట్టిందే. కానీ కోర్సు అక్కడ ఆగదు. మరి ఈ రాయిలో నీళ్ళు ఎక్కడ ఉంటాయి అని అడుగుతుంది.

ఇసుకరాయిలో రేణువుల మధ్య సందులుంటాయి, నీళ్ళు అక్కడ నిలుస్తాయి. గ్రానైట్‌లో అలాంటి సందులు దాదాపు ఉండవు. పైన ఎండకీ వానకీ చితికిన మొరం పొరలో, దాని కింద రాతి పగుళ్ళలో నీళ్ళుంటాయి. మామూలుగా లోతుకు వెళ్ళేకొద్దీ ఆ పగుళ్ళు బిగుసుకుంటూ, తగ్గుతూ పోతాయి. ఇప్పుడు నా సలహా గుర్తుతెచ్చుకోండి: ఇంకో వంద అడుగులు! ఎంత లోతు అని అడిగా. పగులు ఎక్కడుందో అడగాల్సింది.

మా పొలం మధ్యలో నల్లరాళ్ళు గీత గీసినట్టు వరసగా ఉంటాయి. చిన్నప్పుడు వాటిమీదే ఆడుకున్నాం. గ్రానైట్ పగుల్లోకి కింద నుంచి శిలాద్రవం దూసుకొచ్చి గట్టిపడిన గోడ అది. డైక్ అంటారు. భూమి లోపల కదిలే నీటికి కొన్నిచోట్ల అది కట్టలా అడ్డం పడుతుంది. నాలుగో బోరుకి ముందు ఒక జియాలజిస్ట్‌ని పిలిపించాం. ఆయన నేలలో కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి కొలిచాడు. తడి మొరంలో కరెంటు తేలిగ్గా పోతుంది, గట్టి రాయిలో పోదు. ఆ నల్లరాళ్ళకి ఎగువన పాయింట్ పెట్టాడు. గ్యారంటీ ఇవ్వనని ముందే చెప్పాడు. ఇంచున్నర నీళ్ళు పడ్డాయి.

ఇంకో మాట. మా జిల్లాలో గ్రానైట్ ఖనిజాల నుంచే నీళ్ళలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగడానికి పనికిరావు. బోరు పడగానే సంబరపడి తాగేయకండి, టెస్ట్ చేయించండి.

రెండోది: సంప్రదాయ వైద్యం

మామయ్యకి పచ్చకామెర్లు వచ్చాయి. పక్క ఊళ్ళో పసరు మందు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. నేల ఉసిరి పసరు, కఠినమైన పథ్యం. అంతకుముందు మా అమ్మకీ, పక్కింటి పిల్లాడికీ అక్కడే తగ్గింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మూడు వారాలైనా తగ్గలేదు. ఒళ్ళంతా దురద, ఆ తర్వాత వణుకుతో జ్వరం. హైదరాబాద్ తీసుకెళ్తే పిత్తనాళంలో రాయి ఇరుక్కుందని తేలింది. మళ్ళీ రాయే! ఎండోస్కోపీతో తీశారు. మూడు రోజులు ఐసీయూలో ఉన్నాడు. అత్తయ్య ఆ మూడు రోజులూ బయట కుర్చీలోంచి లేవలేదు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. నాటు వైద్యం మొత్తం బోగస్ అని వీడియో చేద్దామనుకున్నా. స్క్రిప్ట్ కోసం వెతుకుతుంటే కోర్సెరాలో న్యూ మెక్సికో యూనివర్సిటీ వాళ్ళ కోర్సు కనిపించింది. మెక్సికోలో, దాన్ని ఆనుకున్న అమెరికా ప్రాంతాల్లో ఉన్న కురాండెరిస్మో అనే సంప్రదాయ వైద్యం గురించి. అక్కడి వైద్యంలో మొక్కలతో పాటు మనసు, నమ్మకం, కుటుంబం కూడా భాగమే. అది చూశాక మామయ్య పసరు దగ్గరికి ఎందుకెళ్ళాడో అర్థమైంది. ఆయన పేరు పెట్టి పిలుస్తాడు, కూర్చోబెట్టి మాట్లాడతాడు, ఇంటికి దగ్గర.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఏంటి? పచ్చకామెర్లు ఒక లక్షణం. దాని వెనక కారణాలు చాలా ఉంటాయి. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అయితే చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. గర్భిణులకు మాత్రం హెపటైటిస్ ఇ చాలా ప్రమాదం. నాళంలో రాయి అడ్డం పడితే ఏ పసరూ దాన్ని తీయలేదు. కాబట్టి "అమ్మకి తగ్గింది" అన్నది నిజమే. పసరు వల్ల తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. మందు వేయకపోతే ఏమయ్యేది అని అడగాలి. కళ్ళు పచ్చబడితే ముందు రక్త పరీక్ష, స్కానింగ్. అది అయ్యాకే మిగతా మాటలు.

అలాగని మొక్కలన్నీ వేస్ట్ అంటే అదీ తప్పే. సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని ముంబై డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రోగుల మీద పరీక్షించి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో ఆ మొక్క నుంచే రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. మొక్కల పేరు, రూపం పశువుల కాపర్లకీ తెలుసు, ఎప్పుడు ఎలా వాడాలో తెలిసినవాడే వైద్యుడు అన్న అర్థంలో చరక సంహిత మొదటి అధ్యాయంలోనే ఉంది. అంటే ఈ జాగ్రత్త మన పాత పుస్తకాల్లోనూ ఉంది. మేమే పట్టించుకోలేదు.

మూడోది: టైపోగ్రఫీ

ఇది చిన్నదే, కానీ నా సొంత తప్పు. ఒక యాప్‌కి తెలుగు వెర్షన్ చేశా. ఇంగ్లీష్ డిజైన్‌లో తెలుగు అక్షరాలు పోసేశా. రిలీజ్ అయ్యాక నాన్న ఫోన్ చేసి "ఇదేం తెలుగురా?" అన్నాడు. "రద్దు" బటన్ మీద ఒత్తు తెగిపోయి "రదు" అయింది.

ఇంగ్లీష్‌లో జి, పి లాంటి అక్షరాల తోకలు గీత కిందికి కొంచెమే దిగుతాయి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు. "రాష్ట్రం" లాంటి మాటలో రెండు ఒత్తులు. వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. ఆ జాగాని లెడ్డింగ్ అంటారు. అచ్చు అక్షరాల కాలంలో వరసల మధ్య సీసం పట్టీలు పెట్టేవాళ్ళు, లెడ్ అంటే సీసం, పేరు అలా వచ్చింది. నేను ఏ ఫాంట్ స్టైల్‌గా ఉంది అని చూశా. ఎవరు, ఏ ఫోన్‌లో, ఎంత సైజులో చదువుతారు అని చూడాల్సింది.

పెద్ద కంపెనీలకీ ఇది తేలిక కాదు. 2018లో తెలుగు "జ్ఞా", మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్‌తో కలిసి వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. మీరు ప్రాజెక్టుల్లో తెలుగు వాడుతుంటే మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉన్నాయి. ముందు "స్త్రీ", "రాష్ట్రం" టైప్ చేసి చూడండి, తెగుతుందో లేదో తెలిసిపోతుంది.

లాస్ట్‌గా ఒక వార్నింగ్. జియాలజీ కోర్సు అవ్వగానే నేను ఊళ్ళో రెండు పొలాలకి పాయింట్ చెప్పబోయా. నాన్న ఆపాడు. "మొన్న ఫోన్‌లో చెప్పావు, ఇప్పుడు కోర్సు చూసి చెప్తున్నావు, డబ్బులు మాత్రం వాళ్ళవి" అన్నాడు. కరెక్టే. ఫస్టియర్ పాఠంతో మనం జియాలజిస్టులం, డాక్టర్లం అయిపోం. ఎవరిని పిలవాలో, వాళ్ళని ఏం అడగాలో తెలుస్తుంది, అంతే. మా ఇంటికి ఆ మాత్రం ముందే తెలిసుంటే చాలు.

కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు ఏ సమస్య ఉందో చూసి, దానికి దగ్గరగా ఉన్న ఒక్క కోర్సు పట్టుకోండి. ఎమ్‌ఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఇంట్రడక్షన్ టు జియాలజీ ఫ్రీగా ఉంది. మన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రమే ఫీజు. రోజుకి అరగంట రీల్స్ తగ్గిస్తే సరిపోతుంది.

మామయ్య ఇప్పుడు బాగున్నాడు. నీళ్ళు ఇంకా వస్తున్నాయి. బటన్ కూడా సరిచేశా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.