స్వభావమా? సమస్యా?

‘మావాడు చిన్నప్పట్నుంచీ అంతే, వట్టి చాదస్తం.’ ‘దానికి ముక్కు మీదే కోపం.’ ఇళ్లలో ఇలాంటి మాటలు మామూలే. మరి స్వభావం ఎక్కడ ఆగి, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? మానసిక వైద్యులనూ చాలాకాలంగా తికమక పెడుతున్న ప్రశ్నే ఇది.

పాత పద్ధతిలో పర్సనాలిటీ డిజార్డర్లను రకాలుగా విడగొట్టేవారు. అనుమానపు రకం, ఇతరుల మీద ఆధారపడే రకం, బోర్డర్‌లైన్‌.. ఇలా ఒక్కోదానికీ ఒక జాబితా. బోర్డర్‌లైన్‌నే తీసుకోండి. అమెరికా వైద్యులు వాడే డీఎస్‌ఎం ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి. లెక్క వేస్తే ఇది 256 విధాలుగా కుదురుతుంది! అంటే ఈ సమస్య ఉన్న ఇద్దరిలో ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండొచ్చు. నాలుగే ఉన్నవారికి ఎంత బాధ ఉన్నా ఆ పేరు వర్తించదు.

అందుకే 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో ఈ రకాలను దాదాపుగా తీసేశారు. ఇప్పుడు ముందు చూసేది తీవ్రతను. తన గురించి తనకున్న అభిప్రాయం ఎంత నిలకడగా ఉంది? నలుగురితో సంబంధాలు నిలుస్తున్నాయా? ఇబ్బంది రెండేళ్లకు పైగా ఉందా? వీటిని బట్టి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని తేలుస్తారు. ఆ తర్వాత గుణాల వంతు. ఇవి ఐదు: త్వరగా దిగులు, ఆందోళన, కోపం ముంచుకురావటం, మనుషులకు ఎడంగా ఉండటం, ఎదుటివారి బాధ పట్టకపోవటం, ముందూవెనకా చూడని తొందరపాటు, అన్నీ తాననుకున్నట్టే ఉండాలనే పట్టుదల. ఒకరిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు.

ఉదాహరణకు, రిపోర్టు పదిసార్లు తిరగరాస్తూ గడువు దాటబెట్టి, రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్న యువకుణ్ని అనుకుందాం. పట్టుదల గుణమే అయినా, బతుకుదెరువునే దెబ్బతీస్తోంది కదా. అదే పట్టుదల ఉన్నా, పని సాఫీగా సాగే అకౌంటెంటుకు ఏ జబ్బూ లేనట్టే. ఈ తేడాను పాత జాబితాలు సరిగా పట్టుకోలేకపోయాయి.

బోర్డర్‌లైన్‌ను మాత్రం అదనపు గుర్తుగా ఉంచారు. దాని కోసమే రూపొందిన డీబీటీ వంటి చికిత్సలు ఉండటంతో, పేరు పోతే అవీ అందవేమోనని చాలామంది వైద్యులు పట్టుబట్టారు. ఇది సర్దుబాటే, కానీ రోగులకు మేలు చేసేది.

వీటికి ప్రధాన చికిత్స మాటలతో చేసేదే. డాక్టర్ని కలిసేటప్పుడు ‘వీడికి పొగరు’ అనకుండా ఏం జరిగింది, ఎన్నాళ్లుగా, ఇంట్లోనేనా, ఆఫీసులోనూనా అన్నది చెప్పండి. చేయి కోసుకోవటం, చావు మాటలు ఉంటే అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సలహా కోసం టెలి మానస్‌ నంబరు 14416కు రాత్రీపగలూ ఫోన్‌ చేయొచ్చు.