దసరా బేరం... వాన చెప్పిన నిజం

"ఆడపిల్లవి, ఎండనక వాననక ఆ ప్లాట్ల చుట్టూ తిరగడమేమిటే?" అని మొదట్లో మా అత్తగారు సణిగేవారు. ఇప్పుడు ఆవిడే భాద్రపదం వెళ్తుండగా పంచాంగం తీసి నాకు మంచిరోజులు చూసిపెడుతున్నారు! మావారి దుకాణం మూతపడ్డాక ఇళ్లూ స్థలాలూ చూపించే ఈ పనిలోకి దిగాను. ఉప్పల్ చుట్టుపక్కల అందరికీ ఇప్పుడు నేను 'ప్లాట్ల అక్క'నే.

మా పనికి శరదృతువే పంటకాలం. దానికి ముందు పదిహేను రోజులు మాత్రం కరువు. మహాలయ పక్షాల్లో బేరం మాటే ఎవరూ ఎత్తరు. ఆశ్వయుజ పాడ్యమి వచ్చిందంటే చాలు, ఊపిరి సలపదు. విజయదశమికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి సెలవైనా టోకెన్ అడ్వాన్సు మాత్రం ఆరోజే ఇవ్వాలంటారు. దీపావళి, కార్తీకం దాకా ఇదే వరస. నా ఏడాది సంపాదనలో సగం ఈ రెండు నెలల్లోనే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం సంగతి. ఓ అంగన్‌వాడీ టీచరు చిట్టీ పాడిన డబ్బుతో 150 గజాలు కొనాలని వచ్చింది. శివారులో ఒక వెంచరు చూపించాను. నేల పొడిగా ఉంది, రోడ్లు వేశారు, దసరా ఆఫరు కింద వెండి నాణెం కూడా ఇస్తామన్నారు. దశమినాడు అడ్వాన్సు అనుకున్నాం. వచ్చే కమిషన్‌తో మా పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజు కట్టేద్దామని నేను లెక్కలు వేసుకున్నాను.

నవమి రాత్రి కుండపోత వాన. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకి చెరువుల దిగువ కాలనీలు మునిగిపోవడం కళ్లారా చూసినదాన్ని, మనసాగక పొద్దున్నే స్కూటీ మీద వెళ్లాను. ఆ ప్లాటులో మోకాటి లోతు నీళ్లు! హద్దురాళ్లకి గుర్రపుడెక్క చుట్టుకుని ఉంది. గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన, "గిది చెరువు నీళ్లే బిడ్డా. నిండితే గిటే వస్తయి" అన్నాడు.

వెంచరు మేనేజరుకి ఫోను చేస్తే, "రెండ్రోజుల్లో ఆరిపోతుంది మేడమ్, ఇవాళ అటు తీసుకురాకండి. ఆఫీసులోనే సంతకాలు పెట్టించేయండి" అన్నాడు. ఒక్క క్షణం ఫీజు గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, ఊగిసలాడాను.

ఆ అమ్మాయి కొత్తచీర కట్టుకుని, పసుపు రాసిన కవరులో డబ్బు పెట్టుకుని వచ్చింది. నేరుగా ప్లాటు దగ్గరికే తీసుకెళ్లాను. చెప్పులు చేతపట్టుకుని కాసేపు ఆ నీళ్లనే చూసింది. "మరి అప్పుడెందుకు చెప్పలేదక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తెలుసుకోకుండా చూపించడం నా తప్పే కదా! బేరం పోయింది. ఫీజుకి గాజులు తాకట్టు పెట్టాను.

అప్పట్నుంచి వాన వెలిసిన మర్నాడు నేను చూసిరాని స్థలాన్ని ఎవరికీ చూపించడం లేదు. మీరు కొనేటప్పుడూ ఇవి చూసుకోండి:

చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దుని ఎఫ్‌టీఎల్ అంటారు. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో ఉంటాయి. చెరువు 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకి 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అందులో ప్లాట్లు అమ్మిపెట్టే నాలాంటి ఏజెంట్లకీ ఉండాలి. నంబరు అడగండి, మొహమాటపడకండి.

ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూడకుండా, రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

మరుసటేడు కార్తీకంలో ఆ అమ్మాయి మళ్లీ మా ఇంటికొచ్చింది. "కొనేది వేరేవాళ్ల దగ్గరే అక్కా, కాగితాలు మాత్రం నువ్వు చూడవా?" అని కవరు నా చేతిలో పెట్టింది. కమిషన్ లేని బేరమే. అయినా అత్తగారు కాఫీ పెట్టి తెచ్చేలోగా కళ్లజోడు పెట్టుకుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాను.