ఒకే పోలిక, వేరు కొలతలు: తేలికపాటి క్రీడా కార్ల చట్రములు

అన్నదమ్ములిద్దరు ఒకే పోలికలో ఉన్నారని ఏ దర్జీయు అన్న షేర్వాణీ కొలతతో తమ్మునికి బట్ట కత్తిరింపడు. భుజము, ఛాతీ, చేయి విడివిడిగా కొలిచిన పిదపనే కత్తెర పట్టును. యంత్రముల విషయమున మాత్రము మనలో పలువురు పోలికనే కొలతగా భావించుచుందురు. విడిభాగములుగా కొని, ఇంటియొద్దనే కూర్చుకొను తేలికపాటి క్రీడా కార్లను పరిశీలించినచో ఈ భావన ఎంత ప్రమాదకరమో తెలియును. అందుచేత వాని చట్రముల కొలతలను పోల్చు విధానమును మన విద్యార్థులకు వివరింపదలచినాము.

ఈ కార్లకు మూలపురుషుడు లోటస్ సెవెన్. ఇంగ్లాండునందు కొలిన్ చాప్‌మన్ దీనిని 1957 లో వెలువరించెను. ఉక్కు గొట్టములను అతికిన చట్రము, దానిపై పలుచని అల్యూమినియం రేకు, రెండు ఆసనములు. బరువు అర టన్నుకు అటునిటు. ఆనాటి బ్రిటిష్ చట్టము పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను విధించెను; విడిభాగములుగా కొన్నవారికి ఆ భారము లేదు. కావున పలువురు భాగములను తెచ్చుకొని తామే బిగించుకొనిరి. 1973 లో విలువ ఆధారిత పన్ను వచ్చి ఈ వెసులుబాటును తొలగించినది. ఆ సంవత్సరముననే నమూనా హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కినవి. 1980 దశకమున వెస్ట్‌ఫీల్డ్ సంస్థ అదే పోలికలో కార్లు చేసినది. 1996 లో రాన్ ఛాంపియన్, 250 పౌన్లతో కారు నిర్మించు విధమును తెలుపు గ్రంథమును ప్రకటించగా, అనేకులు పాత ఫోర్డ్ ఎస్కార్టు భాగములతో తమ షెడ్లలోనే చట్రములు అతుక నారంభించిరి. వీనికి లోకాస్ట్ అని పేరు. మన దేశమునను చింకారా మోటర్స్ వారు ఇదే పోలికగల రోడ్‌స్టర్‌ను చేసి, అందు హిందుస్తాన్ మోటర్స్ వారి ఇసుజు 1.8 లీటర్ల ఇంజను అమర్చిరి.

దూరము నుండి చూచిన అన్నియు ఒకటే. దగ్గరకు పోయి టేపు పట్టినచో సంగతి వేరు. కేటర్‌హామ్ సిరీస్ 3 కారునందు ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసు వరకు గల దూరము, అనగా వీల్‌బేస్, 2225 మిల్లీమీటర్లు. పొడగరుల కొరకు అదే సంస్థ 2000 లో తెచ్చిన ఎస్.వి. నమూనాలో ఇది 2305. వెడల్పు కూడ 110 మిల్లీమీటర్లు అధికము. మరొక వైపు జపాను దేశపు చిన్న కార్ల వర్గము కలదు. అందు చేరవలెనన్న కారు వెడల్పు 1480 మిల్లీమీటర్లను, ఇంజను 660 సి.సి.ని మించరాదు. దానికై 2021 లో వచ్చిన 170 నమూనాను సుజుకి ఇంజనుతో, సన్నని ఇరుసుతో 1470 మిల్లీమీటర్లకు కుదించిరి. సిరీస్ 3 వెడల్పు 1575. ఒకే సంస్థ, ఒకే పేరు, మూడు వెడల్పులు! ముందు గాజు, నేల రేకు, వెనుక పలక వంటివి సిరీస్ 3 కారువి ఎస్.వి. నమూనాకు పట్టవు. దీపములకును, కొలమాన యంత్రములకును చట్రపు వెడల్పుతో పని లేదు గనుక అవి సులువుగా మారును.

కొలత చెప్పినంత మాత్రమున చాలదు. ఎచ్చట నుండి ఎచ్చటి వరకు కొలిచిరో చెప్పవలెను. లోకాస్ట్ చట్రము ఒక అంగుళపు చదరపు గొట్టముతో చేయబడును. రెండు గొట్టముల వెలుపలి అంచుల నడుమ 1000 మిల్లీమీటర్లున్నచో, మధ్యరేఖల నడుమ 974.6, లోపలి అంచుల నడుమ 949.2 మాత్రమే ఉండును. మూడును సత్యములే. ఒకరు వెలుపలి కొలత వ్రాసి, మరొకరు దానిని మధ్య కొలతగా చదివినచో బ్రాకెట్టు రంధ్రములు కలియవు. అంగుళపు గొట్టమునకు బదులు 25 మిల్లీమీటర్ల గొట్టము వాడినచో ఒక్కొక్క దానికి 0.4 తగ్గును. ఇది స్వల్పమే, కాని ఆరు గొట్టములు ప్రక్కప్రక్కన వచ్చుచోట 2.4 అగును.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది స్టీరింగ్ ర్యాక్ విషయము. ముందు చక్రమును పైచేయి, క్రిందిచేయి పట్టియుండును. చక్రము గతుకులో పడి లేచునపుడు ఆ చేతులు తమ లోపలి కీళ్లు కేంద్రముగా వృత్తఖండములు గీయును. చక్రమును త్రిప్పు కడ్డీ కూడ ర్యాక్ చివరి కీలు కేంద్రముగా మరొక వృత్తఖండము గీయును. ఈ గీతలు ఏకీభవించుటకు ర్యాక్ కీలు, ఆ రెండు చేతుల లోపలి కీళ్లను కలుపు రేఖపై సుమారుగా ఉండవలెను. ఇరుకుగా ఉన్నదని లోకాస్ట్ చట్రమును వెడల్పు 4, పొడవు 4, ఎత్తు 2 అంగుళములు పెంచిన 442 అను నమూనా కలదు. ఇట్టి పెంపులో ముందుభాగపు కీళ్లు కూడ జరిగినచో ప్రతి ప్రక్కను 2 అంగుళములు, అనగా 50.8 మిల్లీమీటర్లు వెలుపలికి పోవును. పాత ర్యాక్ కీళ్లు మాత్రము ఉన్నచోటనే నిలుచును. పొడవైన కడ్డీ వేసి బిగింపవచ్చును, బిగియును కూడ! కాని గతుకు తగిలినప్పుడెల్ల, నడుపువాడు చేయి కదల్పకున్నను చక్రము తనంతట తిరుగును. బిగియుట వేరు, సరిపోవుట వేరు. మన రహదారుల గతుకులను ఎరిగినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

చక్రపు బోల్టులదియు ఇటువంటి కథయే. ఎస్కార్టునందు నాలుగు బోల్టులు 108 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తముపై ఉండును. తొలి తరముల మాజ్దా ఎమ్.ఎక్స్.-5 లో అది 100. రెండింటికిని నాలుగే బోల్టులు గనుక కంటికి తేడా తోచదు. కాని ప్రతి రంధ్రమును 4 మిల్లీమీటర్లు తప్పును. రంధ్రము సాగదీసి బిగించు మేస్త్రీ సలహాను వినరాదు.

ఇక చట్రము వంకర లేకుండ ఉన్నదో లేదో చూచుట. భుజములు కొలిచిన లాభము లేదు. 600 కి 400 మిల్లీమీటర్ల చట్రము ఒక ప్రక్కకు 5 మిల్లీమీటర్లు ఒరిగినదనుకొందము. 400 భుజము పెరుగునది 0.03 మాత్రమే, ఏ టేపునకును అందదు. కర్ణములు మాత్రము ఒకటి 725, మరొకటి 717 అగును. ద్వారబంధము చేయు వడ్రంగి మూలమట్టముతో తృప్తిపడక ఎదురు మూలలకు త్రాడు పట్టి చూచుట ఇందుకే. మన రాష్ట్రముల ఇంజనీరింగు విద్యార్థులు బాహా పోటీలకు గొట్టపు చట్రములు నిర్మించునపుడును ఇదే పద్ధతి ఉపకరించును. రసమట్టముతో సమము చేసిన బల్లపై చట్రము నుంచి, ముందు చుక్క అతుకులు మాత్రము వేసి కర్ణములు కొలువవలెను. పూర్తి అతుకు వేడికి ఉక్కు లాగుకొనును గనుక చల్లారిన పిదప మరల కొలువవలెను. విడిభాగములు అమ్మువారికి వ్రాసి పంపవలసినది ఈ రెండవ కొలతయే.