పప్పు తింటే కుట్లు చీము పడతాయా?



"సిస్టరమ్మా, పచ్చి ఒంటికి పప్పు పెడితే కుట్లు చీము పడతయంట గదా?" సిజేరియన్ అయిన అమ్మాయి పక్కన కూర్చున్న తల్లి అడిగే ఈ ప్రశ్న మేము ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఇంటి నుండి వచ్చిన టిఫిన్ డబ్బా తెరిస్తే అన్నం, వెల్లుల్లి కారం మాత్రమే ఉంటాయి. పప్పు ఉండదు, గుడ్డు ఉండదు, పెరుగు ఉండదు. కూతురి మీద ప్రేమతోనే ఆ తల్లి పథ్యం పెడుతుంది. కాని కుట్లు మానడానికి కావలసినదే అందులో లేకుండా పోతుంది. అదేమిటో ఈసారి తెలుసుకుందాం.

శరీరాన్ని కట్టే నాలుగు రకాలు

మన శరీరంలో నీరు, ఎముకల్లోని లవణాలు పోగా మిగిలినది ముఖ్యంగా నాలుగు రకాల పదార్థాలు. అవి పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు. కొవ్వులు తప్ప మిగిలిన మూడూ పూసలు గుచ్చిన దండల వంటివి. చిన్న చిన్న అణువులు వందలు, వేలుగా కలిసి ఒక్క పెద్ద అణువు అవుతుంది.

అన్నంలోని పిండి పదార్థం గ్లూకోజ్ పూసల దండ. వట్టి అన్నం ముద్దను నోట్లో చాలాసేపు నమిలి చూడండి, కొంచెం తియ్యగా అనిపిస్తుంది. లాలాజలం ఆ దండను తెంపడమే అందుకు కారణం. ఇది మనకు పని చేయడానికి శక్తినిస్తుంది. నూనె, నెయ్యిలోని కొవ్వు ఒక గ్రాముకు 9 కిలో కేలరీల శక్తినిస్తుంది. పిండి పదార్థం 4 మాత్రమే ఇస్తుంది. ప్రతి కణానికి పైపొర కూడా ప్రధానంగా కొవ్వుతోనే ఏర్పడుతుంది.

మాంసకృత్తుల దండలో పూసలు ఎమైనో ఆమ్లాలు. ఇవి 20 రకాలు. చర్మం, కండరం, రక్తంలోని హిమోగ్లోబిన్, రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు, అన్నీ ఈ పూసలతో తయారైనవే. కోసిన చోట చర్మాన్ని అతికించే కొల్లాజెన్ కూడా ఒక మాంసకృత్తే. 20 రకాలలో 9 రకాలను పెద్దల శరీరం తయారు చేసుకోలేదు. వాటిని తిండి ద్వారానే ఇవ్వాలి.

తిన్నది తిన్నట్టు ఒంటికి పట్టదు

షుగరు రోగులు "ఇన్సులిన్ సూది ఎందుకు, మాత్ర ఇవ్వరాదా?" అని అడుగుతారు. ఇన్సులిన్ 51 ఎమైనో ఆమ్లాలు గల చిన్న మాంసకృత్తు. మామూలుగా మింగితే గుడ్డు అరిగినట్టే అదీ అరిగిపోతుంది. పప్పు సంగతీ అంతే. పొట్టలో అది పూసలుగా విడిపోతుంది, ఆ పూసలతో శరీరం తనకు కావలసిన దండలు గుచ్చుకుంటుంది. కాబట్టి పప్పు చీముగా మారదు. చీము అంటే సూక్ష్మక్రిములు, వాటితో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలు. శుభ్రత లేకపోవడం వల్ల, షుగరు అదుపులో లేకపోవడం వల్ల ఈ ప్రమాదం పెరుగుతుంది.

వట్టి అన్నం చాలదు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి ఇది సుమారు 46 గ్రాములు. పాలిచ్చే తల్లికి, గాయం మానుతున్న వారికి ఇంకా ఎక్కువ కావాలి. 300 గ్రాముల బియ్యం వండి కారంతో తింటే వచ్చేది ఇంచుమించు 22 గ్రాములే. దానికి 50 గ్రాముల కందిపప్పు కలిపితే మరో 11, రెండు గుడ్లు పెడితే మరో 12 గ్రాములు చేరతాయి.

బియ్యంలో లైసిన్ అనే పూస తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, ఆ లోటును బియ్యం తీరుస్తుంది. మన పెద్దల పప్పన్నం ఒకదాని కొరతను ఒకటి పూడ్చే భోజనం.

ఫోలిక్ ఆమ్లం మాత్ర ఎందుకు?

నాలుగవ రకమైన కేంద్రకామ్లాలలో డీఎన్‌ఏ ముఖ్యమైనది. ఏ మాంసకృత్తును ఎలా గుచ్చాలో దానిలోనే రాసి ఉంటుంది. కొత్త కణం పుట్టినప్పుడల్లా కొత్త డీఎన్‌ఏ తయారు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1940లలో దీనిని కృత్రిమంగా తయారు చేశారు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇది కూడా ఉంటుంది. దయచేసి ఆ మాత్రలను అలమరలో దాచి పెట్టకండి.

మీరు చేయవలసినవి

డాక్టరు గారు భోజనం మొదలు పెట్టమన్న రోజు నుండి పలుచని పప్పు, మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు, పెరుగు ఇవ్వండి. అరుగుదల కుదిరాక పెసర గుడాలు, బబ్బెర గుడాలు, పల్లీలు ఇవ్వవచ్చు. నిమ్మకాయ, జామపండు పెట్టండి. కొల్లాజెన్ గట్టిపడటానికి విటమిన్ సి కావాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే పప్పు మానిపించి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. పెద్దమ్మలు, అత్తమ్మలు ఏమైనా అడగదలచుకుంటే మొహమాటపడకండి. వార్డులో మా నర్సులను అడగండి, వివరంగా చెబుతాము.