ఆదివారం నడక: బావ, నేను, మోత్యా

సాంచాల మధ్య పనిచేసేవాళ్ళం సైగలతో మాట్లాడుకోవడం చిన్న వయసులోనే నేర్చుకుంటాం. భీము అయిపోయిందంటే ఒక సైగ, చాయ్‌కి పోదామంటే ఒక సైగ, సేఠ్ వచ్చిండంటే ఇంకొకటి. ఎనిమిది గంటల పనిలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నిబంధన. నాడె కొట్టుకునే షెడ్డులో మామూలుగానే అంతకు మించి ఉంటుంది. అందుకే మన పేటల్లో మగవాళ్ళు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతారు. కొత్త కోడళ్ళు కోపమనుకుంటారు. కోపమేం లేదమ్మా, చెవులు అట్ల అయినయి.

మా షోలాపూర్ తూర్పు భాగంలో ఉండేవాళ్ళకు ఈ చప్పుడు తప్పించుకునే దారి దగ్గరలోనే ఉంది. పట్నం దాటితే చాలు, పొలాలే. ఆరేండ్లుగా దాదాపు ప్రతి ఆదివారం నేను అక్కడికి పోతున్నాను. తోడు ఒక స్నేహితుడు, ఒక కుక్క. స్నేహితుణ్ణి బావా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. ఒకే కార్ఖానాలో ఇరవై రెండేండ్లు పక్కపక్క సాంచాలు నడిపినం, అంతే. కుక్క పేరు మోత్యా. బావ కొడుకు కాలేజీకి పోయే రోజుల్లో, వానలో తడుస్తున్న పిల్లను సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చిండు. జాతి గీతి ఏమీ లేదు, మన వీధి కుక్కే.

తెల్లవారుజామున బావ పాత స్కూటర్ మీద తుల్జాపూర్ రోడ్డు పట్టుకుంటాం. మోత్యా ముందర కాళ్ళ దగ్గర నిలబడి గాలికి చెవులు వెనక్కి వాల్చుకొని వస్తుంది. హిప్పర్గా చెరువు దగ్గర చాయ్ బండి పక్కన స్కూటర్ పెట్టి నడక మొదలుపెడతాం. ఈ చెరువుకు కాగితాల మీద పేరు ఎక్రుఖ్. 1871లో కట్టడం పూర్తయింది. మన తాతలు తెలంగాణ ఊళ్ళు విడిచి ఈ పట్నానికి మగ్గాల పనికి వచ్చిన కాలం నుంచీ ఈ నీళ్ళు ఇక్కడున్నయి.

చెరువు పక్క నుంచి పొలాల బాట పడితే ఏ నెలకు ఆ నెల వేరే లోకం. వానాకాలంలో నల్లరేగడి చెప్పులకు అంటుకొని ఒక్కో కాలు రెండు కిలోలు తూగుతుంది. వానలు తగ్గినాక జొన్న వేస్తారు. కార్తీకానికి మోకాలెత్తు, సంక్రాంతికి మనిషెత్తు. గట్ల మీద కుసుమ చెట్లు పచ్చగా, నారింజ రంగుగా పూస్తాయి. ముళ్ళుంటాయి గనుక పశువులు పైరులోకి దూరకుండా కంచెలాగా పనికొస్తాయి. ఆ రోజుల్లో రైతులు లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, నలిపి పెడతారు. ఇక్కడివాళ్ళు హుర్డా అంటారు, మా నాయనమ్మ ఊచబియ్యం అనేది. తీగల మీద పాలపిట్ట కనిపిస్తే బావ దండం పెట్టుకుంటాడు.

కుక్క ఉంటే నడక వేరుగా ఉంటుంది. మనం రోడ్డు చూసి నడుస్తాం, అది వాసన చూసి నడుస్తుంది. ఒక తుమ్మ మొదలు దగ్గర ఐదు నిమిషాలు ఆగుతుంది. మనమూ ఆగుతాం. ఆగితేనే చీమల బారు కనిపిస్తుంది, గడ్డిలో పూరేడు పిట్ట పిలుపు వినిపిస్తుంది. బావకు కుడి చెవి సగం పోయింది కాబట్టి నేనెప్పుడూ ఎడమ పక్కనే నడుస్తాను. అక్కడ నేను మెల్లగా మాట్లాడినా ఆయనకు వినబడుతుంది.

మొన్న మాఘంలో ఇట్లాగే నడుస్తున్నప్పుడు, మోత్యా ఏదో బొరియ తవ్వుతుంటే, బావ దాని వైపే చూస్తూ అన్నాడు: "పిల్లగాడు సాంచాల మీదికి రానంటున్నడు. పుణెలో పని దొరికిందట. ఇరవై రోజులైంది, వానితోని మాట్లాడక."

చాయ్ హోటల్‌లో ఎదురెదురుగా కూర్చుంటే ఈ మాట ఆయన నోట వచ్చేది కాదు. పక్కపక్కన నడుస్తుంటే ముఖం ముఖం చూసుకునే పని లేదు, జవాబు వెంటనే చెప్పాల్సిన పని లేదు. నేను సలహా ఇవ్వలేదు. గొర్రెల మంద ఎదురొస్తే మోత్యాకు తాడు కట్టి పక్కకు నిలబడ్డాం. మంద పోయింది. చెరువు కనబడేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. అప్పుడు ఆయనే అన్నాడు: "మా తాత కూడా ఊరిడిచే కదా బావా ఇక్కడికొచ్చింది. ఎవరాపిన్రు?"

హోళీ తర్వాత పిల్లగాడు పుణె పోయిండు. కుక్క తండ్రి దగ్గరే ఉంది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ముందు మోత్యా సంగతే అడుగుతాడట. ఆ సాకుతో తండ్రీ కొడుకులు రోజూ మాట్లాడుకుంటున్నరు.

ఇది మగవాళ్ళ సరదా మాత్రమే అనుకోకండి. బీడీలు చేసే మన ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకొని రోజంతా వంగి కూర్చుంటారు. మా ఇంటామె, ఆమె వదిన సంక్రాంతి తర్వాత రెండుసార్లు మాతో వచ్చిండ్రు. కడక్ భాకరి, పల్లీల చట్నీ కట్టుకొచ్చి గట్టు మీద తిన్నాం. "నడుము పట్టు వదిలింది" అన్నది మా ఆమె. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆదివారం రెండు గంటలు నడిచి, మిగతాది రోజుకు కొంచెం చొప్పున పూర్తిచేసుకోవచ్చు.

కుక్కను తీసుకుపోయేవాళ్ళకు నాలుగు మాటలు. ఏటా రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్కయినా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానాకు పోవాలి. ఎండాకాలంలో తారు రోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. ఉల్లిగడ్డ పెట్టకండి, కుక్కలకు అది విషం. మేకలు, గొర్రెలు, జింకలు కనబడితే తాడు కట్టండి. ఇక నాన్నజ్ వైపు పోతే కుక్కను ఇంట్లోనే ఉంచండి. అక్కడ 1979 నుంచి బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఉంది. మన కర్నూలు వైపు రోళ్ళపాడులో ఉన్నట్టే. ఆ పిట్ట గూడు కట్టదు, నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది.

షోలాపూర్‌లోనే ఉండాలని లేదు. ఇచల్‌కరంజిలో ఉన్నవాళ్ళకు పంచగంగ ఒడ్డుంది, యానాంలో గోదావరి గట్టుంది. కుక్క లేకపోతే వీధి చివర ఒకటి ఉండనే ఉంటుంది. రెండు బిస్కెట్లు పెడితే నాలుగో వారానికి అదే వచ్చి గుమ్మం ముందు కూర్చుంటుంది. చాన్నాళ్ళుగా మాట్లాడని స్నేహితుడు ఎవరైనా ఉంటే, ఈ శనివారం రాత్రే చెప్పి పెట్టండి, పొద్దున ఐదున్నరకు తయారుగా ఉండమని.